నర్సింగ్ హోమ్‌కి సాఫ్ట్‌వేర్, మిషన్లల్ల మొదలు దేని మీద పైసలు పెట్టాలె? నల్గొండ, పాలమూరు చిన్న హాస్పిటల్స్ కోసం ఒక పోలిక

ఇది కార్పొరేట్ హాస్పిటల్స్ వాళ్ల కోసం కాదు. నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ, ఇటు మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి ఊర్లల్ల 15 నుంచి 50 బెడ్లతోటి హాస్పిటల్ నడిపే డాక్టర్లు, వాళ్ల దగ్గర బిల్లింగు, అడ్మిషన్లు, క్లెయిములు చూసుకునే మాలాంటోళ్ల కోసం రాస్తున్న. ఈ మధ్య వారానికి ఒకరన్నా ల్యాప్‌టాప్ సంకల పెట్టుకొని వచ్చి డెమో ఇస్తున్నరు, ఒకాయన క్లౌడ్ అంటడు, ఇంకొకాయన ఏఐ అంటడు, ఎక్స్‌రే కంపెనీ ఆయన డీఆర్ ప్యానెల్ (డిజిటల్ ఎక్స్‌రే పలక) పెట్టుకుంటే తప్ప నడవదు అంటడు, అందరివీ వినేసరికి ఓనర్ డాక్టర్‌కి ఏది ముందు ఏది తర్వాత అన్నది తెలుస్తలేదు.

నా మాట ముందే చెప్తున్న. మన సైజు హాస్పిటల్‌ల టెక్నాలజీ లేక పేషెంట్లు తగ్గుతలేరు, చేసిన పనికి పైసలు పూర్తిగ రాకపోవడం వల్ల హాస్పిటల్ ఇబ్బంది పడుతున్నది. కాబట్టి మొదటి రూపాయి ఆ పైసలు కారిపోయే చోట పెట్టాలె. ఏది కొనాలన్నా ఈ లెక్కతోటే చూస్త.

ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తున్నదో ఒకసారి చూడండి. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్ల చిల్లర, హైవే మంచిగ ఉంది, జర సీరియస్ అనిపిస్తే అటెండర్లు అంబులెన్స్ మాట్లాడుకొని ఎల్‌బీ నగర్ దిక్కు పోతున్నరు. ఇంకోదిక్కు సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి, మహబూబ్‌నగర్‌ల 2016ల, నల్గొండ, సూర్యాపేటల 2019ల, బీబీనగర్‌ల ఎయిమ్స్ ఉండనే ఉంది. జనానికి అది మంచిదే, నేను అనేది ఏందంటే మధ్యలో ఉన్న 30 బెడ్ల హాస్పిటల్ ఇప్పుడు రెండు దిక్కులా పోటీ పడాలె. దీని మీద సిస్టర్ల జీతాలు, కరెంటు బిల్లు, ఆక్సిజన్, బయో వేస్ట్ ఛార్జీలు అన్నీ ఏటేటా పెరుగుతున్నయి, ఆర్‌ఎంపీలకి కమిషన్ ఇచ్చి కేసులు తెచ్చుకునే అలవాటు పడ్డ దగ్గరయితే ఇంక మిగిలేదే తక్కువ.

ఆరోగ్యశ్రీ సంగతి మనకి వేరే చెప్పక్కర్లేదు. 2007 ఏప్రిల్ 1న ఈ పథకం మొదలైన మూడు జిల్లాలల్ల మన పాలమూరు ఒకటి, 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణల కవరేజీ 10 లక్షలకి పెంచిన్రు. పేషెంట్లకి పెద్ద ఆసరా. కానీ హాస్పిటల్ దిక్కు నుంచి చూస్తే పైసలు ఆలస్యంగ వస్తయి, 2025ల బకాయిల కోసం నెట్‌వర్క్ హాస్పిటల్స్ సేవలు ఆపేసే దాక పోయింది. అంటే మన రాబడిల పెద్ద భాగం ఎప్పుడొస్తదో చెప్పలేని పైసలు, ఖర్చు మాత్రం ఒకటో తారీకు ఖాయం. ఇసొంటి హాస్పిటల్ ఏ మిషన్ కొన్నా ఈఎంఐ కట్టేటప్పుడు ఇదే అడ్డం పడతది.

పైసలు కారేది ఎక్కడ?

రాత్రి పదకొండు గంటలకి పురుగుల మందు తాగిన కేసు వచ్చింది అనుకోండి, పత్తి చేన్లున్న మన దిక్కు ఇది కొత్తేం కాదు. స్టమక్ వాష్ చేస్తరు, అట్రోపిన్ ఆంపుల్ మీద ఆంపుల్ ఎక్కిస్తరు, క్యాథెటర్, రైల్స్ ట్యూబ్, ఐవీ సెట్లు, మానిటర్, ఆక్సిజన్, అన్నీ ఎమర్జెన్సీ ట్రాలీ నుంచి తీస్తరు, ఆ టైంల ఎవరు రాస్తరు? సిస్టర్ పేషెంట్‌ని చూసుకోవాలె గానీ ఇండెంట్ బుక్ (వాడిన మందులు, సామాన్ల లెక్క రాసే పుస్తకం) పట్టుకొని కూర్చోదు కదా. తెల్లారి డ్యూటీ మారేటప్పుడు గుర్తున్నంత వరకు కేస్ షీట్‌ల ఎక్కుతది, మిగిలింది పోయినట్టే. ఆక్సిజన్ ఎన్ని గంటలు నడిచిందో, నెబ్యులైజేషన్ ఎన్నిసార్లు పెట్టిన్రో, డ్రెస్సింగ్ ఎన్నిసార్లు మార్చిన్రో బిల్లు చేసేటాయనకి కాగితం మీద ఉన్నదే కనపడతది. హాస్పిటల్ మొత్తం మీద రోజుకి 300 రూపాయలే రాయకుండ పోతున్నయి అనుకున్నా ఏడాదికి 1,09,500 అయితది. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, కింద మళ్ల పనికొస్తది.

రెండోది ఫార్మసీ. బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ కంప్యూటర్‌ల లేకపోతే తేదీ దాటిన మందులు అరల వెనుక నుంచి బయటపడతయి, కంపెనీకి రిటర్న్ చేసే గడువు కూడ అయిపోయి ఉంటది. వార్డుకి పోయిన మందులల్ల వాడనియి వాపస్ వస్తున్నయా లేదా అన్న లెక్క చాలా దగ్గర్ల లేదు.

మూడోది క్లెయిములు. క్లెయిమ్ రిజెక్ట్ అయ్యేది ట్రీట్మెంట్ తప్పుండి కాదు, చాలాసార్లు కాగితం తక్కువుండి. డిశ్చార్జ్ ఫోటో లేదని, రిపోర్టు మీద తారీకు కలవలేదని, కేస్ షీట్‌ల డాక్టర్ సంతకం లేదని క్వెరీ పెడతరు, ఆ క్వెరీకి జవాబిచ్చే మనిషి లీవుల ఉంటడు, గడువు దాటుతది.

ఈ మూడింటికి మందు ఒకటే, వార్డు, ఫార్మసీ, ల్యాబు, బిల్లింగు ఒకే లెక్కల కలిసి ఉండే సాఫ్ట్‌వేర్. దాని తర్వాతే మిగతావి.

ఉన్న దారులు

మొదటిది, ఇప్పుడున్నట్టే నడిపించుడు. ఓపీ చీటి, రిజిస్టర్లు, అకౌంట్లకి ట్యాలీ, మందుల దుకాణానికి మార్గ్ లాంటి సాఫ్ట్‌వేర్ వేరేగ. 10 బెడ్ల లోపు, డాక్టరూ ఆయన ఇల్లామే చూసుకునే క్లినిక్‌కి ఇది సరిపోతది, నిజంగనే. దానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అంటగట్టొద్దు. ఓపీకి ఫోన్ల నడిచే చిన్న యాప్ ఒకటి పెట్టుకుంటే చాలు. కానీ అడ్మిషన్లు రోజూ ఉండి, ఇన్సూరెన్స్ కేసులు చేస్తుంటే మాత్రం ఈ పద్ధతి మిమ్మల్ని లోపల నుంచి తింటది.

రెండోది, ఒకసారి పైసలు కట్టి కొనుక్కునే సాఫ్ట్‌వేర్, సర్వర్ మన హాస్పిటల్‌ల్నే ఉంటది. నెట్ పోయినా పని ఆగదు, ఇది దీని బలం. బలహీనత ఏందంటే ఆ సర్వర్ బాగోగులు మనమే చూసుకోవాలె, బ్యాకప్ మనమే తీయాలె, హార్డ్ డిస్క్ పోతే మన పనే. చాలా దగ్గర్ల సర్వర్ అనేది రిసెప్షన్ టేబుల్ కింద దుమ్ము పట్టి ఉంటది, మాప్ పెట్టేటప్పుడు ప్లగ్గు ఊడుతది.

మూడోది క్లౌడ్, అంటే డేటా కంపెనీ సర్వర్ల మీద ఉంటది, మనం నెట్ మీద వాడుకొని నెల నెలా లేదా ఏడాదికోసారి కట్టేది. బ్యాకప్ వాళ్లే చూస్తరు, డాక్టర్ హైదరాబాద్‌ల ఉన్నా ఫోన్ల కలెక్షన్ చూసుకోవచ్చు, కొత్త రూల్ ఏదన్న వస్తే వాళ్లే మార్చి పెడతరు. కానీ నెట్ పోతే చేతులు కట్టుకొని కూర్చోవాలె, ఇంకోటి, ఏడాది ఆగి రేటు పెంచితే మన డేటా వాళ్ల దగ్గర ఉంది కాబట్టి ఒప్పుకోక తప్పదు.

ధర సంగతి లెక్క వేసి చూద్దాం, అంకెలు నేను అనుకున్నవే, మీకొచ్చిన కొటేషన్ పెట్టి మీరు మళ్ల వేసుకోండి. క్లౌడ్ నెలకి 8,000 అనుకుంటే ఏడాదికి 96,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,13,280, ఐదేండ్లకి 5,66,400. ఒకసారి కొనేది 2,50,000 అనుకుంటే జీఎస్టీతోటి 2,95,000, మొదటి ఏడు పోను నాలుగేండ్లు 15 శాతం ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ ఛార్జీ), దాని మీద మళ్ల జీఎస్టీ, మొత్తం 1,77,000, సర్వర్, దాని యూపీఎస్, బ్యాకప్ డిస్కులకి ఇంకో 1,20,000 పెట్టుకుంటే 5,92,000. అంటే ఐదేండ్లు చూస్తే రెండింటికి పెద్ద తేడా లేదు. ధర చూసి తేల్చుకునే విషయం కాదు ఇది. పైన రాయకుండ పోయే ఛార్జీలు ఏడాదికి 1,09,500 అన్న కదా, ఏడాది క్లౌడ్ ఖర్చు దాదాపు అంతే. ఆ ఒక్క కన్నం మూసినా సాఫ్ట్‌వేర్ తన ఖర్చు తను తెచ్చుకుంటది, ఫార్మసీల, క్లెయిములల్ల మిగిలేది మీది.

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలె, దీన్ని అమ్మేటోళ్లు ఎవరూ చెప్పరు. హాస్పిటల్ సేవల మీద జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి మనం కట్టిన 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ కింద తిరిగి రాదు, అది పూర్తిగ మన ఖర్చే. ప్లస్ జీఎస్టీ అని కొటేషన్ కింద చిన్న అక్షరాలల్ల రాసింది చూడకుండ రెండు కంపెనీల ధరలు పోల్చొద్దు. ఇంకోటి, అడ్మిట్ అయిన పేషెంట్‌కి ఇచ్చే మందులు ట్రీట్మెంట్‌ల భాగం, ఓపీ పేషెంట్‌కి ఫార్మసీల అమ్మేది మాత్రం మామూలు అమ్మకం, దాని మీద ట్యాక్స్ ఉంటది. ఐసీయూ కాని రూమ్ అద్దె రోజుకి 5,000 దాటితే 2022 జులై 18 నుంచి 5 శాతం ఉంది. ఈ తేడాలు సాఫ్ట్‌వేర్ తనంత తానే చేస్తదా లేదా డెమోలనే చూపించమనండి, మీ ఆడిటర్‌ని కూడ ఆ డెమోకి పిలవండి.

నాలుగోది ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా తీసుకొని మార్చుకొని వాడుకునే సాఫ్ట్‌వేర్. బహ్మ్‌నీ అని ఉంది, ఛత్తీస్‌గఢ్‌ల బిలాస్‌పూర్ పక్కన గనియారిల జన్ స్వాస్థ్య సహయోగ్ హాస్పిటల్ కోసం మొదలైంది, పేషెంట్ రికార్డులకి ఓపెన్‌ఎంఆర్ఎస్, ల్యాబ్‌కి ఓపెన్‌ఎలిస్, బిల్లింగుకి ఒడూ కలిపి చేసింది. లైసెన్స్ పైసల్లేవు. పల్లె పేషెంట్ల కోసం కట్టింది కాబట్టి నాకు దీని మీద గౌరవం ఉంది. కానీ ఫ్రీ అన్న మాట పట్టుకొని దిగొద్దు, పెట్టేటోడు, మార్చేటోడు, పాడైతే చూసేటోడు కావాలె, నల్గొండల ఆ పని తెలిసిన మనిషిని నెల జీతానికి పెట్టుకోగలిగితేనే తీసుకోండి. ట్రస్టు హాస్పిటల్స్, మిషన్ హాస్పిటల్స్‌కి ఇది మంచి దారి, ఒక్క డాక్టర్ నడిపే నర్సింగ్ హోమ్‌కి కష్టం.

మరి క్లౌడా, సొంత సర్వరా? నేను తేల్చేది ఊరిని బట్టి. నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ టౌన్లల్ల రెండు వేరు వేరు కంపెనీల ఫైబర్ లైన్లు దొరుకుతయి కాబట్టి క్లౌడ్ తీసుకోండి. అచ్చంపేట, కొల్లాపూర్, మక్తల్ దిక్కు మీ వీధిల ఒకటే లైన్ ఉండి అది కూడ నమ్మకం లేదంటే సొంత సర్వర్, లేదంటే నెట్ పోయినా లోకల్‌గ నడిచి తర్వాత తనే కలుపుకునే రకం క్లౌడ్. ఆఫ్‌లైన్‌ల నడుస్తది అని చెప్తే అక్కడే డెమో టైంల వైఫై బంద్ చేసి ఒక అడ్మిషన్, ఒక మందుల బిల్లు చేసి చూపించమనండి. దాంతోటి తెలిసిపోతది.

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు

ముందు కరెంటు, వైరింగు చూసుకోవాలె. ఏప్రిల్, మే గాలిదుమారాలకి మన దిక్కు లైన్లు ఎట్ల పోతయో తెలుసు, జనరేటర్ అందుకునే లోపల ఉన్న ఆ కొన్ని సెకన్లకే కంప్యూటర్లు రీస్టార్ట్ అయితయి, బిల్లు మధ్యల పోతది. రిసెప్షన్, ఫార్మసీ, ల్యాబ్, నర్సింగ్ స్టేషన్ నాలుగింటికి యూపీఎస్, రూటర్లకి, స్విచ్‌లకి కూడ యూపీఎస్ ఉండాలె, చాలామంది కంప్యూటర్‌కి పెట్టి రూటర్‌ని మర్చిపోతరు. ఎర్తింగ్ సరిగ లేని పాత బిల్డింగుల ల్యాబ్ ఎనలైజర్ బోర్డులు కాలుతయి, పిడుగులు పడే కాలం వచ్చే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒక పూట దీని మీద పెట్టండి. దీనికి డెమో ఇచ్చేటోడు ఎవడూ రాడు కాబట్టి నేనే చెప్తున్న.

పాత కంప్యూటర్లు కూడ చూడండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోటి ఆగిపోయింది, విండోస్ 7 సంగతయితే 2020 జనవరిలనే అయిపోయింది, అయినా మన ల్యాబుల, ఎక్స్‌రే రూముల ఆ మిషన్లు నెట్‌కి కనెక్ట్ అయి నడుస్తనే ఉన్నయి. మార్చలేకపోతే కనీసం వాటికి నెట్ తీసేయండి, పెన్ డ్రైవులు పెట్టనియ్యొద్దు. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద ర్యాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి పైసలు అడిగే వైరస్) దాడి జరిగితే రెండు వారాల దాక ఓపీ, ల్యాబ్ పనులు చేతిరాత మీద నడిపించుకున్నరు. అంత పెద్ద దవాఖానకి మనుషులున్నరు కాబట్టి నిలబడ్డది, 30 బెడ్ల దగ్గర బిల్లుల డేటా పోతే రావాల్సిన క్లెయిములు కూడ అడగలేం. సొంత సర్వర్ ఉన్నోళ్లు రోజూ రాత్రి బ్యాకప్, ఒక కాపీ హాస్పిటల్ బయట, నెలకోసారి ఆ కాపీ నుంచి డేటా వెనక్కి తెచ్చి చూసుకోవాలె, తీసిన బ్యాకప్ తెరుచుకుంటదా లేదా ఎన్నడూ చూడనోళ్లే ఎక్కువ.

క్లెయిములకి సాఫ్ట్‌వేరా, మనిషా?

ఇక్కడ నా సలహా కొందరికి నచ్చకపోవచ్చు. నెలకి వేరే క్లెయిమ్ సాఫ్ట్‌వేర్‌కి పెట్టే పైసలు ఒక మంచి బిల్లింగ్ పిల్లకో పిల్లోడికో జీతం పెంచి పెట్టండి. ఆరోగ్యశ్రీ పోర్టల్‌ల ప్రీఆథ్ (ట్రీట్మెంట్‌కి ముందస్తు అనుమతి), ఫోటోలు, రోజువారీ నోట్స్, డిశ్చార్జ్, ఫాలో అప్ అన్నీ ఆ పోర్టల్‌లనే చేయాలె, బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ ఆ పని పూర్తిగ తప్పించదు. ఆరోగ్యమిత్రతోటి (హాస్పిటల్‌ల ఆరోగ్యశ్రీ తరఫున ఉండే మనిషి) మంచిగ మాట్లాడుకొని పొద్దున్నే పెండింగ్ క్వెరీలు చూసే మనిషి ఒక్కరున్న హాస్పిటల్‌కి రిజెక్షన్లు తగ్గుతయి. మన హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ నుంచి కావాల్సింది ఒకటే, ఒక పేషెంట్ పేరు కొట్టంగనే కేస్ షీట్, రిపోర్టులు, ఫోటోలు, మందుల బిల్లు ఒక్క పీడీఎఫ్‌గ రావాలె. ఇది చేస్తదా లేదా చూడండి.

ప్రైవేట్ ఇన్సూరెన్స్ దిక్కు మాత్రం రూల్ ఒకటి మన వైపు ఉంది, చాలామంది వాడుకుంటలేరు. 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద నిఘా పెట్టే సంస్థ) మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంట లోపల చెప్పాలె, డిశ్చార్జ్ రిక్వెస్ట్ పెట్టిన మూడు గంటల లోపల ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలె, ఆలస్యం వల్ల హాస్పిటల్ వేసే అదనపు ఛార్జీ ఏదన్న ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీనే భరించాలె. సాయంత్రం నాలుగింటికి పేషెంట్ బట్టలు సదురుకొని మంచం మీద కూర్చొని ఉంటడు, దేవరకొండ బస్సు పోతదని ఇంటోళ్లు కౌంటర్ దగ్గర నిలబడతరు, అప్రూవల్ రాలే అని మన పిల్లోడు అదే జవాబు చెప్తుంటడు, ఆ బెడ్ కోసం కింద ఇంకో పేషెంట్ స్ట్రెచర్ మీద ఉంటడు. అప్పుడు రిక్వెస్ట్ ఏ టైంకి పెట్టినమో టైంతో సహా రికార్డ్ ఉంటే టీపీఏతోటి (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) గట్టిగ అడగొచ్చు. అందుకే సాఫ్ట్‌వేర్‌ల డిశ్చార్జ్ మొదలుపెట్టిన టైము, ఫార్మసీ క్లియర్ చేసిన టైము, రిక్వెస్ట్ పోయిన టైము వేరు వేరుగ కనపడాలె. నిజం చెప్పాలంటే ఆలస్యంల సగం మన దగ్గర్నే అయితది, రౌండ్స్ పదకొండింటికి అయితే సమ్మరీ మూడింటికి టైప్ అయితది, తప్పు టీపీఏ మీద పోతది. ముందు రోజు రాత్రే రేపు ఎవరు డిశ్చార్జ్ అన్న లిస్ట్ పెట్టుకుంటే రూపాయి ఖర్చు లేకుండ ఇది తగ్గుతది.

క్యాష్ తీసుకునే దగ్గర ఒక మాట, ఒకే పేషెంట్ నుంచి ఒక అడ్మిషన్‌కి 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం కింద పెనాల్టీ పడతది, అడ్వాన్సులు ముక్కలుగ తీసుకున్నా కలిపి చూస్తరు, కాబట్టి బిల్లింగ్ స్క్రీన్ ముందే హెచ్చరించాలె.

ఆభా, ఏబీడీఎం పెట్టుకోవాలా వద్దా?

పెట్టుకోండి, కానీ దీని కోసమే సాఫ్ట్‌వేర్ మార్చొద్దు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ (ఏబీడీఎం) 2021 సెప్టెంబర్ 27న దేశమంతా మొదలైంది, పేషెంట్‌కి రికార్డులు కలిపే 14 అంకెల ఆభా నంబర్, హాస్పిటల్‌కి హెచ్‌ఎఫ్ఆర్ (హాస్పిటళ్ల జాబితా) రిజిస్ట్రేషన్, డాక్టర్‌కి హెచ్‌పీఆర్ (డాక్టర్ల జాబితా). రిజిస్ట్రేషన్లకి పైసల్లేవు, ఒక మధ్యాహ్నం కూర్చుంటే మొదలు పెట్టొచ్చు. రిసెప్షన్‌ల క్యూఆర్ కోడ్ అంటించి స్కాన్ అండ్ షేర్ పెడితే పేరు, వయసు, ఫోన్ నంబర్ తనే వస్తది, టోకెన్ పడతది. చదువుకున్న పిల్లలు ఎంబడి ఉన్న పేషెంట్లకి ఇది నడుస్తది, కీప్యాడ్ ఫోన్ పట్టుకొని వచ్చిన ముసలవ్వకి మాత్రం కౌంటర్ల మనిషే రాయాలె, ఆ కౌంటర్ తీసేయొద్దు. 10 బెడ్లు, ఆ పైన ఉన్న హాస్పిటల్స్‌కి, సాఫ్ట్‌వేర్ కంపెనీలకి డిజిటల్ రికార్డులు లింక్ చేసినందుకు 4 కోట్ల దాక ప్రోత్సాహకం ఇచ్చే పథకం 2023 జనవరి నుంచి పెట్టిన్రు, ఇప్పుడు ఉందా లేదా, ఉంటే ఏ షరతులతోటి ఉందో పోర్టల్‌ల చూసుకోండి, కానీ ఆ పైసలు వస్తయని ముందే ఖర్చు లెక్కల వేసుకోవద్దు.

పాలమూరుకి మాత్రం దీని అవసరం ఇంకా ఎక్కువ అని నా నమ్మకం. నారాయణపేట, మక్తల్, కొడంగల్ దిక్కు నుంచి పుణె, ముంబై పనులకి పోయేటోళ్లు అక్కడ ఏదో దవాఖానల చూపించుకొని వస్తరు, ప్లాస్టిక్ కవర్ల నలిగిన చీటీలు, మరాఠీల రాసిన కాగితాలు, సగం ఎక్స్‌రేలు తెస్తరు. షుగర్, కిడ్నీ, టీబీ కేసులల్ల పాత మందు ఏదో తెలియకపోతే డాక్టర్ మళ్ల మొదటి నుంచి టెస్టులు రాయాలె, ఆ ఖర్చు కూలి మనిషి మీద పడతది. అక్కడోళ్లు, ఇక్కడోళ్లు ఇద్దరూ ఆభాకి రికార్డు లింక్ చేస్తే ఆ ఖర్చు తప్పుతది. ఇది హాస్పిటల్‌కి రాబడి తెచ్చే పని కాదు, అయినా చేయాల్సిన పని.

ఎక్స్‌రే, స్కానింగు, ఏఐ

సీఆర్ అంటే క్యాసెట్ తీసుకపోయి రీడర్‌ల పెడితే బొమ్మ వస్తది, డీఆర్ అంటే ప్యానెల్ మీద తీయంగనే కొన్ని సెకన్లల్ల స్క్రీన్ మీద పడతది. డీఆర్ మంచిదే, అందుల అనుమానం లేదు, కానీ ధర చాలా ఎక్కువ, ప్యానెల్ కింద పడితే రిపేర్ అనేది దాదాపు ఉండదు. రోజుకి ఎన్ని ఎక్స్‌రేలు తీస్తున్నరో గత ఆరు నెలల లెక్క తీయండి. ఆర్థో హాస్పిటల్, హైవే మీద యాక్సిడెంట్ కేసులు చూసే దగ్గర అయితే డీఆర్ పెట్టుకోండి, పనికొస్తది. జనరల్, పిల్లల హాస్పిటల్, మెటర్నిటీ అయితే ఉన్న సీఆర్ ఇంకొన్నేండ్లు నడిపించండి, ఆ పైసలు పిల్లల వార్మర్‌కి, మానిటర్లకి పెడితే ప్రాణాలకి అక్కరకొస్తది. ఎక్స్‌రే మిషన్ ఏదైనా ఏఈఆర్‌బీ (రేడియేషన్ భద్రత చూసే సంస్థ) ఈ-లోరా పోర్టల్‌ల లైసెన్స్ తప్పనిసరి, అల్ట్రాసౌండ్‌కి పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణను ఆపే చట్టం) రిజిస్ట్రేషన్, గర్భిణీ స్కానింగ్ ప్రతిదానికీ ఫారం ఎఫ్, ఇందుల ఏ సాఫ్ట్‌వేర్ వాడినా బాధ్యత డాక్టర్‌దే.

రేడియాలజిస్ట్ ఊర్ల లేని హాస్పిటల్స్‌కి టెలీరేడియాలజీ మాత్రం నేను గట్టిగ చెప్త, సీటీ బొమ్మలు పంపితే హైదరాబాద్ నుంచి రిపోర్ట్ వస్తది, రాత్రిపూట తల దెబ్బల కేసులల్ల ఇది పెద్ద తేడా. బొమ్మలు డైకామ్ ఫార్మాట్‌ల (స్కానింగ్ మిషన్ ఇచ్చే అసలు డిజిటల్ ఫైలు) పోవాలె, వాట్సాప్‌ల ఫిల్మ్ ఫోటో కొట్టి పంపే అలవాటు మానాలె. ఏఐ సంగతికొస్తే, 15 ఏండ్లు దాటినోళ్ల ఛాతీ ఎక్స్‌రేల టీబీ స్క్రీనింగ్‌కి కంప్యూటర్ చదివే పద్ధతిని డబ్ల్యూహెచ్‌ఓ 2021లనే ఒప్పుకుంది, కాబట్టి అది గాలి మాట కాదు. కానీ మన 30 బెడ్లకి అది ఐదో ఆరో ఖర్చు, మొదటిది కాదు.

డాక్టర్ ప్రిస్క్రిప్షన్ కంప్యూటర్‌ల కొట్టాలా అన్నది అందరూ అడుగుతరు. ఓపీ ఎక్కువున్న డాక్టర్‌తోటి టైప్ చేయించొద్దు, పేషెంట్ మొహం చూడకుండ స్క్రీన్ చూసే డాక్టర్ మన జనానికి నచ్చడు. చేతిరాత చీటీని స్కాన్ చేసి ఐడీకి కలిపి పెట్టండి చాలు. డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ రిపోర్ట్, మందుల లిస్టు మాత్రం టైప్ అయి ఉండాలె. అడ్మిట్ అయిన పేషెంట్ల రికార్డులు మూడేండ్లు దాచాలని, అడిగితే 72 గంటలల్ల ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 రూల్స్‌లనే ఉంది, పై అంతస్తుల గోనె సంచులల్ల ఉన్న కేస్ షీట్లతోటి అది కుదరదు.

సంతకం పెట్టే ముందు

ధర గురించి బేరం ఆడే ముందు ఈ నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకోండి. మానేస్తే మా డేటా మొత్తం ఎక్సెల్, పీడీఎఫ్‌ల ఎన్ని రోజులల్ల, ఎంత ఛార్జీతోటి ఇస్తరు, ఇది మొదటిది, ఇది లేకుండ సంతకం వద్దు. ఆదివారం రాత్రి బిల్లింగ్ ఆగితే ఫోన్ ఎవరు ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరా, ఎన్ని గంటలల్ల మనిషి వస్తడు. ఏటా రేటు ఎంత శాతం దాటి పెంచరు. డేటా లీక్ అయితే ఎవరి బాధ్యత, ఎంత తొందరగ మాకు చెప్తరు. చివరిది చిన్న విషయం అనుకోవద్దు, డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023ల వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌ల వచ్చినయి, అసలు బాధ్యతలు 18 నెలల తర్వాత అంటే 2027 మే నుంచి మొదలైతయి, రక్షణ సరిగ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాక పోవచ్చు. హెచ్‌ఐవీ రిపోర్ట్, ప్రెగ్నెన్సీ రిపోర్ట్ స్టాఫ్ గ్రూపుల ఫార్వర్డ్ అవడం ఇప్పటి నుంచే ఆపాలె, చట్టం కోసమే కాదు, ఊర్ల ఆ ఆడమనిషి బతకాలె కదా.

ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ రెండేండ్లుగ వాడుతున్న మనలాంటి హాస్పిటల్ ఒకటి అడిగి పోయి చూడండి, డాక్టర్‌తోటి కాదు, రాత్రి డ్యూటీ సిస్టర్‌తోటి, ఫార్మసీ పిల్లోడితోటి మాట్లాడండి. ఒక మందు రిటర్న్ ఎట్ల చేస్తరో వాళ్లని చేసి చూపమనండి. పది నొక్కులు నొక్కాల్సి వస్తే మీ దగ్గర కూడ ఎవరూ చేయరు.

సైజు వారీగ నా లెక్క ఇది. 10 బెడ్ల లోపు: యూపీఎస్, ఫార్మసీ సాఫ్ట్‌వేర్, ఆభా రిజిస్ట్రేషన్, అంతే. 15 నుంచి 30: వైరింగ్, రెండు నెట్ లైన్లు, వార్డు నుంచి బిల్లు దాక కలిసే సాఫ్ట్‌వేర్, క్లెయిములకి ఒక మంచి మనిషి, ల్యాబ్ ఎనలైజర్లు నేరుగ కలుపుకునే పని రెండో ఏడు. 50 దాక పోతే పైవాటి మీద బొమ్మలు దాచే పాక్స్, ఎన్‌ఏబీహెచ్ (హాస్పిటల్ నాణ్యత గుర్తింపు) ఎంట్రీ లెవల్‌కి కావాల్సిన రికార్డులు, ఒక ఐటీ మనిషి పూర్తి జీతం మీద. డీఆర్, ఏఐ, పేషెంట్ యాప్ లాంటివి ఆరోగ్యశ్రీ బకాయిలు ఆరు నెలలు రాకపోయినా జీతాలు ఇవ్వగలిగే నిల్వ ఉన్నాకనే చూడండి.

ఎప్పుడు మార్చాలె అన్నది కూడ ముఖ్యమే. ఆగస్టు నుంచి అక్టోబర్ దాక డెంగ్యూ, వైరల్ జ్వరాలతోటి వార్డులు నిండి వరండాలల్ల మంచాలు వేసే టైంల కొత్త సాఫ్ట్‌వేర్ మొదలు పెట్టొద్దు, సిస్టర్లు దాన్ని మొదటి రోజే పక్కన పెడతరు. ఫిబ్రవరిల నేర్పించుడు మొదలుపెట్టి, మార్చి మొత్తం పాత రిజిస్టర్, కొత్తది రెండూ నడిపి, మార్చి 31 రాత్రి మందుల స్టాక్ చేతితోటి లెక్కపెట్టి ఏప్రిల్ 1న ఆ అంకెలతోటి ఓపెన్ చేస్తే అకౌంట్లు కూడ సాఫీగ కలుస్తయి. స్టాక్ లెక్కపెట్టే రాత్రి పనిచేసినోళ్లకి ఆ పూట భోజనం, ఒక రోజు సెలవు ఇవ్వండి.